పడుకుంటే ఏమీ లేదు, నడిస్తే లోకం ఎగురుతుంది: ఒక ఉద్దానం రైతు కేసు

రోగి వయసు 57. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న రైతు. ఐదు నెలలుగా నడకలో తూలుతున్నారని కొడుకు మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. మెడకి కాలర్ ఉంది. సంచీలో మెడ ఎక్స్‌రే, మెదడు ఎంఆర్ఐ, మూడు ఆసుపత్రుల చీటీలు ఉన్నాయి. వాడుతున్న మాత్రలు బీటాహిస్టిన్, సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్. మూడూ కళ్లు తిరగడానికి రాసినవే. ఏ చీటీ తీసినా మొదటి వరుసలో అదే మాట: కళ్లు తిరుగుతున్నాయి.

ఆయనకి కళ్లు తిరగడం లేదు. కేసు మలుపు అక్కడే ఉంది. (గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆయన, కుటుంబం ఒప్పుకున్నారు.)

అడిగి తెలుసుకున్నది

తూలుడు కేసుల్లో నేను ముందు వేసే ప్రశ్న, "కదలకుండా పడుకుంటే ఎలా ఉంటుంది?" అని. ఆయన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పడుకుంటే ఏటీ నేదు బాబూ. కూకున్నా ఏటీ నేదు. లెగిసి నడిస్తేనే లోకమంతా ఎగురుతాది."

కొడుకు మరో మాట చెప్పారు. దారిలో ఎవరైనా పలకరిస్తే నాన్న ఆగిపోతున్నారట. ఆగితే తప్ప ఎదుటి మనిషి మొహం పోల్చుకోలేకపోతున్నారు. బస్సు బోర్డు చదవాలన్నా ఆగాల్సిందే. చేగోడీ లాంటి గట్టి వస్తువు నమిలితే టీవీలో బొమ్మ కూడా కదులుతోందట. నడుస్తూ సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో ఎలా ఊగుతుందో, నడుస్తున్నంత సేపూ ఆయన చూపు అలా ఉంటోంది. దీన్ని వైద్యంలో ఆసిలోప్సియా అంటాం.

ఎప్పుడెప్పుడు, ఎక్కడ పడ్డారని అడిగితే నాలుగు సందర్భాలు చెప్పారు. రెండుసార్లు తెల్లవారుజామున తోటకి వెళుతూ ఇసుకలో పడ్డారు. ఒకసారి రాత్రి కరెంటు పోయినప్పుడు వసారాలో. ఇంకోసారి స్నానం చేస్తూ, మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు. పగటిపూట సిమెంటు రోడ్డు మీద ఒక్కసారి కూడా పడలేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే రోగ నిర్ధారణ సగం అయిపోయినట్టే. మనిషి నిలబడటానికి శరీరం మూడు చోట్ల నుంచి సమాచారం తెచ్చుకుంటుంది. చుట్టూ ఏది నిటారుగా ఉంది, ఏది కదులుతోంది అన్నది కళ్లు చెబుతాయి. నేల ఎటు వాలి ఉంది, బరువు మడమ మీద ఉందా వేళ్ల మీద ఉందా అన్నది పాదాలు, చీలమండలు, మెడ కండరాలు చెబుతాయి. తల ఎటు తిరిగింది, ఎటు వంగింది అన్నది లోపలి చెవి చెబుతుంది. వెలుతురులో గట్టి నేల మీద మొదటి రెండింటితో నెట్టుకురావచ్చు. చీకటి పడితే కళ్లు పనికిరావు. ఉద్దానం ఇసుక నేలలో పాదం ఎటు దిగితే అటే, పాదాలిచ్చే కబురును నమ్మడానికి లేదు. అప్పుడు మిగిలేది చెవి ఒక్కటే. అది కూడా లేనివాడు పడిపోతాడు. ఆసుపత్రుల్లో మనం రోగిని ట్యూబులైటు కింద, టైల్సు మీద నాలుగడుగులు నడిపించి "నడక బాగానే ఉంది" అని రాసేస్తాం. ఈయన చీటీల్లో ఆ మాట రెండు చోట్ల కనిపించింది.

పరీక్షలు

చెవి పరీక్షకి ముందు కిడ్నీ సంగతి చూడాల్సి వచ్చింది. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) అడగకుండా నేను ముందుకి వెళ్లను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఎక్కువ. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. చాలామందికి ఒంట్లో ఏ లక్షణమూ ఉండదు, రక్త పరీక్షలోనే బయటపడుతుంది. ఈయనకి క్రియాటినిన్ 2.4, కిడ్నీల వడపోత వేగం సుమారు 30. డయాలసిస్ అవసరం రాలేదు.

కిడ్నీ జబ్బులో తూలుడుకి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి. పడుకున్నప్పటి బీపీకి, నిలబడ్డాక బీపీకి పెద్ద తేడా లేదు. హిమోగ్లోబిన్ 10.4, కొంచెం తక్కువే గానీ ఈ లక్షణాలకి కారణం అయ్యేంత కాదు. సోడియం, షుగర్, బి12 సరిగానే ఉన్నాయి. చీలమండ ఎముక మీద ట్యూనింగ్ ఫోర్కు పెడితే ప్రకంపన తెలిసింది, మడమ రిఫ్లెక్సులు వచ్చాయి. కిడ్నీ జబ్బులో కాళ్ల నరాలు దెబ్బతినడం మామూలు. ఆ నరాలు కూడా పోయి ఉంటే ఈయన పగలు కూడా నడవలేకపోయేవారు.

కళ్ల కదలికలు నెమ్మదిగా, వేగంగా రెండు రకాలుగానూ చూశాను. సాఫీగా ఉన్నాయి. కళ్లు వాటంతట అవే కొట్టుకోవడం (నిస్టాగ్మస్) లేదు. చిన్నమెదడు తేడాగా ఉంటే ఇక్కడ ఏదో ఒకటి కనిపించాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టే డిక్స్–హాల్‌పైక్ పరీక్షలోనూ ఏమీ రాలేదు. కాబట్టి చెవిలో స్ఫటికాలు జారే బీపీపీవీ కూడా కాదు.

తర్వాత హెడ్ ఇంపల్స్ పరీక్ష. 1988లో హల్మాగి, కర్తాయిస్ వివరించిన ఈ పరీక్షకి ఏ యంత్రమూ అక్కర్లేదు. రోగి నా ముక్కు వంకే చూస్తుండాలి. నేను రెండు చేతులతో తల పట్టుకుని పది పదిహేను డిగ్రీలు మాత్రమే, కానీ చటుక్కున, ఎటు తిప్పబోతున్నానో ముందు తెలియకుండా తిప్పాలి. చెవి పనిచేస్తుంటే తల ఎంత వేగంగా తిరిగినా చూపు ముక్కు మీంచి కదలదు. ఈయన తల కుడికి తిప్పగానే కళ్లు కూడా తలతోపాటే వెళ్లిపోయి, ఆ వెంటనే నా ముక్కు మీదకి గెంతి వచ్చాయి. ఎడమకి తిప్పితే అదే గెంతు. రెండు వైపులా నాలుగైదుసార్లు చూశాను, అనుమానం మిగల్లేదు. మెడ అరుగుదల ఉందని చీటీలో ఉన్న రోగులకి ఈ పరీక్ష చేయడానికి కొందరు భయపడతారు. ముందు మెడ ఎంత వరకు తిరుగుతుందో నెమ్మదిగా చూసుకుని, చిన్న కోణంలోనే చేస్తే ఇబ్బంది ఉండదు.

చూపు చార్టు దగ్గర కూర్చోబెట్టి కదలకుండా చదివిస్తే 6/9. తల సెకనుకి రెండుసార్లు అటూ ఇటూ ఊపుతూ అదే చార్టు చదివిస్తే 6/36. అంటే నాలుగు వరుసలు కిందకి పడిపోయింది. రెండు వరుసలు దాటి తగ్గితేనే మేం అనుమానిస్తాం.

చివర్లో నిలబడే పరీక్ష. గట్టి నేల మీద కళ్లు మూసుకుని కాస్త ఊగారు గానీ నిలబడ్డారు. మందపాటి ఫోమ్ మీద నిలబెడితే కళ్లు తెరిచి ఉన్నంత సేపూ పర్వాలేదు. మూయగానే, ఒకటి రెండు అని లెక్క పెట్టేలోపే వెనక్కి వాలిపోయారు. వెనక ఇద్దరం నిలబడి ఉన్నాం కాబట్టి పట్టుకున్నాం. అది చూసి కొడుకు, "ఇసుకలోనూ అచ్చం ఇలాగే పడ్డారండి" అన్నారు.

వినికిడి పరీక్షలో వయసుకి తగ్గ లోపమే ఉంది. విశాఖపట్నం పంపి చేయించిన వీడియో హెడ్ ఇంపల్స్‌లో గెయిన్ (తల తిరిగిన దానికి కళ్లు ఎంత తిరిగాయన్న నిష్పత్తి) కుడివైపు 0.31, ఎడమవైపు 0.27 వచ్చింది. బ్యాలెన్స్ జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో పెట్టిన ప్రమాణాల ప్రకారం రెండువైపులా 0.6 కంటే తక్కువ ఉంటే బైలేటరల్ వెస్టిబ్యులోపతి, అంటే రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ పని దెబ్బతినడం కింద లెక్క. చెవిలో చల్లనీళ్లు, వేడినీళ్లు పోసే కేలరిక్ పరీక్షకి స్పందన లేదు, ఐసు నీళ్లకి కూడా. ఈ పరీక్షని శాస్త్రంగా నిలబెట్టింది రాబర్ట్ బరానీ. దానికే 1914 సంవత్సరపు నోబెల్ వచ్చింది. ప్రకటించే సమయానికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ.

రెండు చెవులూ పోతే కళ్లు ఎందుకు తిరగవు

ఒక చెవిలోని బ్యాలెన్స్ నరం అకస్మాత్తుగా దెబ్బతింటే రోగి మంచం దిగలేడు. ఇల్లంతా గిర్రున తిరుగుతుంది, వాంతులు ఆగవు. రెండు చెవులూ దెబ్బతిన్న ఈయన మాత్రం మా ఎదురుగా స్థిమితంగా కూర్చుని మాట్లాడుతున్నారు. వినేవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది గానీ లెక్క చూస్తే తేలికే.

లోపలి చెవిలో ఒక్కో వైపు మూడు అర్ధవర్తుల కుల్యలు (సగం వలయంలా వంగిన గొట్టాలు), రెండు ఓటోలిత్ సంచులు ఉంటాయి. తల తిరగడాన్ని కుల్యలు పసిగడతాయి. వంగడాన్ని, ముందుకి వెనక్కి జరగడాన్ని సంచులు పసిగడతాయి. తల కదలకపోయినా రెండు వైపుల నరాలూ ఊరుకోవు, ఒక్కో తంతువు సెకనుకి దాదాపు 90 నుంచి 100 సంకేతాలు పంపుతూనే ఉంటుంది. తల కుడికి తిప్పితే కుడివైపు సంకేతాలు పెరుగుతాయి, ఎడమవైపు తగ్గుతాయి. మెదడు చూసేది ఆ తేడానే. ఒక వైపు మాత్రమే పోతే తల కదలకపోయినా తేడా కనిపిస్తుంది, కాబట్టి తిరుగుతున్నట్టు లెక్క కడుతుంది. రెండు వైపులా సమానంగా, మెల్లగా తగ్గితే తేడా ఉండదు, తిరుగుడూ ఉండదు.

పోయేది ఇంకొకటి ఉంది: కంటికీ చెవికీ మధ్య ఉన్న వెస్టిబ్యులో–ఆక్యులర్ రిఫ్లెక్స్. తల కదిలిన సుమారు 10 మిల్లీసెకన్లలోపే ఇది కంటిని ఎదురు దిశలో తిప్పుతుంది. మూడే నరకణాల గొలుసు కాబట్టి అంత వేగం. కంటి చూపునే ఆధారంగా చేసుకుని కంటిని కదిలించాలంటే మెదడుకి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది. నడకలో అడుగు పడిన ప్రతిసారీ తల సెకనుకి రెండుసార్లు ఎగిరి దిగుతుంటే అంత ఆలస్యమైన చూపు పనికిరాదు. మొహాలు పోల్చుకోలేకపోవడం అందుకే.

1952లో ఒక అమెరికన్ డాక్టరు తన సొంత అనుభవాన్ని ఒక వైద్య పత్రికలో పేరు బయటపెట్టకుండా రాశారు. టీబీకి స్ట్రెప్టోమైసిన్ తీసుకున్నాక ఆయనకి రెండు చెవుల్లో బ్యాలెన్స్ పోయింది. చదవాలంటే మంచం తలవైపు ఉన్న రెండు ఇనుప కడ్డీల మధ్య తల బిగించుకోవాల్సి వచ్చేదట. అంత చేసినా నాడి కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు కదిలేవట. మన దగ్గర కూడా తిరగబెట్టిన టీబీకి చాలాకాలం స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అలాంటి పాత కేసులు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంటాయి. కాబట్టి తూలుడుతో వచ్చిన పెద్ద వయసువాళ్లని, ఎప్పుడైనా టీబీకి సూదులు వేయించుకున్నారా అని అడగడం మరిచిపోకూడదు.

సూది దొరికింది

ఈయన సంచీలో మెడ ఎక్స్‌రేలు పైన, అసలు కాగితం అడుగున ఉన్నాయి. తూలుడు మొదలవడానికి మూడు వారాల ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం, బీపీ పడిపోవడంతో ఒక ఆసుపత్రిలో చేరారు. డిశ్చార్జి కాగితంలో జెంటామైసిన్ (స్ట్రెప్టోమైసిన్ కుటుంబానికే చెందిన యాంటీబయాటిక్ సూది) 80 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, 11 రోజులు. మధ్యలో మూడు రోజులు మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్రుసెమైడ్. చేరిన రోజు క్రియాటినిన్ 2.4 అని అదే కాగితం మీద ఉంది.

జెంటామైసిన్ దాదాపు మొత్తం మార్పు లేకుండా కిడ్నీల గుండానే బయటికి పోవాలి. బాగున్న కిడ్నీలకి రక్తంలో మందు సగానికి తగ్గడానికి రెండు మూడు గంటలు చాలు. దెబ్బతిన్న కిడ్నీలకి పది గంటలు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. లోపలి చెవిలోకి చేరిన మందైతే రక్తంలోంచి పోయాక కూడా వారాలు, నెలలు అక్కడే ఉంటుంది. కదలికని పసిగట్టే కేశ కణాల్లోకి, అవి సంకేతం అందుకునే సన్నని దారుల గుండానే చొరబడి వాటిని చంపుతుంది. మనుషుల్లో ఆ కణాలు పనికొచ్చే స్థాయిలో మళ్లీ పుట్టవు. అదే కుటుంబంలోని అమికాసిన్ వినికిడిని ఎక్కువ దెబ్బతీస్తుంది, జెంటామైసిన్ బ్యాలెన్స్‌ని. అందుకే చెవి వినపడుతోంది కదా అని అందరూ నిశ్చింతగా ఉండిపోతారు. ఈ గుణాన్నే మేం మందుగా వాడుకుంటాం: చెవి వల్ల పదేపదే కళ్లు తిరిగే మెనియర్స్ జబ్బు అదుపులోకి రాకపోతే జెంటామైసిన్‌ని కర్ణభేరి వెనక్కి ఎక్కించి, జబ్బు చేసిన చెవి బ్యాలెన్స్ పనిని కావాలనే తగ్గిస్తాం.

మంచం మీదున్నంత కాలం రోగికి తేడా తెలియదు. లేచి నడిస్తే జ్వరం నీరసం అనుకుంటాడు. నీరసం తగ్గాల్సిన రోజులకి తూలుడు పెరుగుతుంది. ఈలోగా సూది సంగతి అందరూ మరిచిపోతారు. ఈయనకి జరిగింది ఇదే.

ఆ ఆసుపత్రిని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. బీపీ పడిపోయిన ఇన్ఫెక్షన్‌లో మొదటి రెండు రోజులు జెంటామైసిన్ వాడటం సమర్థించదగ్గ నిర్ణయమే. చవకైన మందు, పనిచేసే మందు. కానీ కల్చర్ రిపోర్టు వచ్చాక వేరే మందుకి కూడా లొంగే సూక్ష్మజీవి అని తేలింది. అక్కడ ఆపి మార్చాల్సింది. కిడ్నీకి తగ్గట్టు మోతాదు సరిచేసినట్టు కూడా ఎక్కడా రాయలేదు. రక్తంలో మందు స్థాయి కొలిస్తే సరిపోతుందా అని జూనియర్లు అడుగుతుంటారు. కొలవడం మంచిదే, కానీ స్థాయి సరిగా ఉన్నవాళ్లలో కూడా చెవి పోయిన కేసులున్నాయి. వార్డులో చేయదగ్గ పని ఇంకొకటి ఉంది: ఈ సూది వేస్తున్న రోగి చేత మంచం దగ్గరే తల ఊపుతూ పేపరు హెడ్డింగు చదివించడం. నిన్న చదివినది ఇవాళ చదవలేకపోతే సూది గురించి వెంటనే ఆలోచించాలి. దానికి ఖర్చు లేదు, నర్సు కూడా చేయగలరు.

ఏం చేశాం

ముందు ఆపాల్సినవి ఆపాం. బీటాహిస్టిన్ వల్ల ఉపయోగం లేదు. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ బ్యాలెన్స్ వ్యవస్థని మత్తులో ఉంచి మెదడు సర్దుబాటుని అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడితే పార్కిన్సన్ లాంటి బిగుతు కూడా తెస్తాయి. తిరుగుడు లేని మనిషికి తిరుగుడు మందులు నెలల తరబడి నడవడం మన ప్రాంతంలో వింతేమీ కాదు, చీటీ రీఫిల్ అవుతూ పోతుంది. కాలర్ కూడా తీసేయించాం. చెవి పోయినవాళ్లకి మెడ నుంచి వచ్చే సమాచారమే పెద్ద ఆసరా, దాన్ని కట్టేస్తే ఇంకేం మిగులుతుంది?

తర్వాత వ్యాయామాలు. పోయిన కణాలని ఇవి తేలేవు. మిగిలిన కాస్త చెవి పనితో, చూపుతో, పాదాలతో, మెడతో నెట్టుకురావడం మెదడుకి నేర్పుతాయి. ఫిజియోథెరపిస్టు మొదట గోడకి పెద్ద అక్షరం అంటించి చేయించారు. ఇంట్లో దాని బదులు తెలుగు క్యాలెండర్ పెట్టుకోమన్నాం. చెయ్యి చాపినంత దూరంలో నిలబడి, ఆ రోజు తేదీ అంకె మీద చూపు నిలిపి, తలని అడ్డంగా ఒక నిమిషం, నిలువుగా ఒక నిమిషం ఊపాలి. అంకె చెదరనంత వరకు వేగం పెంచాలి, చెదిరితే కొంచెం తగ్గించాలి. ఇలా విడతలు విడతలుగా రోజు మొత్తం మీద 20 నుంచి 40 నిమిషాలు. రెండు అంకెల మధ్య ముందు కళ్లు, తర్వాత తల తిప్పే వ్యాయామం ఇంకోటి. కళ్లు మూసుకుని తల తిప్పి, తెరిచి చూస్తే అంకె మీదే చూపు ఉందా అని చూసుకునేది మరొకటి. మొదటి రెండు వారాలు వికారంగా ఉంటుందని ముందే చెప్పాం. చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు.

నిలబడే వ్యాయామం గోడ మూలలో, ఎదురుగా కుర్చీ పెట్టుకుని, పరుపు మీద. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి. ఆ తర్వాత పగటి వెలుతురులో, మనిషి తోడుతో, ఇసుకలో నడక. ఆయన పడింది అక్కడే కాబట్టి సాధన కూడా అక్కడే జరగాలి.

జాగ్రత్తల మీద నేను బాగా గట్టిగా ఉంటాను. మొహం కడుక్కోవడం, తలంటు, సబ్బు అన్నీ స్టూలు మీద కూర్చునే. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న బల్బు. చేతిలో టార్చి, కర్ర. చెట్టెక్కడం, నిచ్చెన ఎక్కడం, చీకట్లో బండి నడపడం బంద్. అన్నిటికంటే ముఖ్యం, చెరువులో గానీ సముద్రంలో గానీ మునగకూడదు. నీళ్లలో పాదాల కింద నేల ఉండదు, బురద నీటిలో చూపు ఉండదు, చెవి ఎలాగూ లేదు. పైకి ఎటో కిందకి ఎటో తెలియక ఈత వచ్చినవాడు కూడా మునిగిపోగలడు. సముద్రం ఒడ్డున పెరిగిన మనిషికి ఇది మింగుడుపడలేదు. రెండోసారి వచ్చినప్పుడు కూడా అడిగారు, నేనూ అదే చెప్పాను.

చీటీ మీద, ఆరోగ్యశ్రీ కాగితాల కవరు మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చాం: జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇవ్వకూడదు. రేపు డయాలసిస్ అవసరమై క్యాథెటర్ ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ ఇదే సూది చేతికి వస్తుంది కాబట్టి కిడ్నీ డాక్టరుకి విడిగా ఉత్తరం రాశాను.

ఇప్పుడు ఎలా ఉన్నారు

నాలుగు నెలల తర్వాత తల ఊపుతూ చదివిస్తే 6/36 నుంచి 6/18కి వచ్చింది. వీడియో పరీక్షలో గెయిన్ మారలేదు, మారుతుందని మేమూ అనుకోలేదు. మారింది కంటి గెంతు. మొదట్లో తల ఆగాక వచ్చేది, ఇప్పుడు తల తిరుగుతుండగానే వచ్చేస్తోంది. మెదడు ముందే ఊహించి సరిచేసుకోవడం నేర్చుకుందన్నమాట. బయటి నుంచి చూస్తే ఆ గెంతు కనిపించదు కూడా. అందుకే ఇలా సర్దుకున్న రోగిని కొత్త డాక్టరు చేత్తో పరీక్షిస్తే "నార్మల్" అని రాసే ప్రమాదం ఉంది.

ఈ నాలుగు నెలల్లో పడలేదు. పగలు తోట పని చూసుకుంటున్నారు. నడుస్తూనే దగ్గరి మనుషులని పోల్చుకుంటున్నారు, దూరంగా ఉన్నవాళ్లని ఇంకా లేదు. చీకట్లో మాత్రం పెద్దగా మార్పు లేదు. తెల్లవారుజాము పనులు కొడుకు చేస్తున్నారు.

ఆపరేషన్ ఏమైనా ఉందా అని ఈ మధ్య అడిగారు. చెవిలో కుల్యల నరాలకి విద్యుత్ సంకేతాలిచ్చే ఇంప్లాంట్‌ని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ బృందం 8 మందికి అమర్చి 2021లో ఫలితాలు ప్రచురించింది. నిలకడలోనూ నడకలోనూ మెరుగు కనిపించింది గానీ అమర్చిన చెవిలో వినికిడి తగ్గింది. మన దగ్గర అది మామూలు చికిత్సగా ఇంకా రాలేదు. ఈయనకి వినికిడి బాగుంది, కిడ్నీ పరిస్థితి కూడా చూడాలి. కాబట్టి వ్యాయామాలే కొనసాగించమన్నాం, ఆరు నెలలకోసారి ఫోమ్ మీద, చార్టు దగ్గర మళ్లీ చూస్తున్నాం.